నోలన్ రయన్ రికార్డులు: క్విజ్‌లో పెట్టే ముందు ఏవేవి సరిచూసుకోవాలి?

హైవే288:

అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం క్రీడల క్విజ్‌లో ఈసారి ఒక రౌండు మొత్తం అమెరికా బేస్‌బాల్ పిచర్ (బంతి వేసే ఆటగాడు) నోలన్ రయన్ మీద పెడుతున్నాం. హ్యూస్టన్‌కి దక్షిణాన బ్రజోరియా కౌంటీలో 288 హైవేకి ఆయన పేరే పెట్టారు. రోజూ ఆ బోర్డు కింద నుంచే అందరూ ఆఫీసులకు పోతారు గానీ, ఆ మనిషి ఏం చేశాడో మనవాళ్లలో చాలామందికి తెలీదు. క్రికెట్ అయితే నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

నా దగ్గరున్న ముడి ప్రశ్నలు ఇవి:

కెరీర్‌లో 5,714 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌కి మూడు స్ట్రైక్‌లు పడటం; ఊపి తగలకపోయినా, వదిలేసింది మంచి బంతైనా స్ట్రైకే). అంతకుముందు ఆ రికార్డు ఎవరిది?
1973లో 383 స్ట్రైకౌట్లు. ఒక సీజన్‌కి ఇదే అన్నికాలాల రికార్డా?
ఏడు నో-హిట్టర్లు. నో-హిట్టర్, పర్ఫెక్ట్ గేమ్ ఒకటేనా?
1966లో మొదలై 1993లో ముగిసింది. అంటే 28 సీజన్లా, 27 సీజన్లా?
గంటకు 100.9 మైళ్ల బంతి. ఇప్పటికీ అదే వేగవంతమైనదా?
సై యంగ్ అవార్డు (ఏడాదిలో ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది) ఎన్నిసార్లు గెలిచాడు?

ప్రతి ప్రశ్నకీ జవాబు ఒక్కటే వచ్చేలా ఎలా రాయాలో చెప్పండి. జడ్జిల టేబుల్ చుట్టూ జనం మూగకూడదు, అంతే నా కోరిక.

---

స్కోరుబుక్:

మీ మొదటి ప్రశ్నే అన్నిటికన్నా ప్రమాదం, అక్కడి నుంచే మొదలుపెడతాను.

"అంతకుముందు రికార్డు ఎవరిది" అంటే సగం మంది వాల్టర్ జాన్సన్ అంటారు, తెలిసినవాళ్లు స్టీవ్ కార్ల్‌టన్ అంటారు. ఇద్దరూ కరెక్టే. వాల్టర్ జాన్సన్ 1927లో ఆట మానేసినప్పటి నుంచి ఆ రికార్డు యాభై ఏళ్లకు పైగా కదల్లేదు. 1983 ఏప్రిల్ 27న మాంట్రియల్‌లో బ్రాడ్ మిల్స్‌ను అవుట్ చేసి రయన్ దాన్ని దాటాడు. కానీ అదే వేసవిలో కార్ల్‌టన్ రయన్‌ను దాటేశాడు. తర్వాత రయన్ మళ్లీ ముందుకొచ్చాడు. 1983, 1984 సీజన్లలో ఇద్దరి మధ్యా ఆ రికార్డు చాలాసార్లు చేతులు మారింది. చివరికి కార్ల్‌టన్ 4,136 దగ్గర ఆగిపోయాడు, రయన్ ఆగలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1983లో అందరూ లెక్కేసుకున్న జాన్సన్ సంఖ్య 3,508. తర్వాత పాత స్కోరుకార్డులు తిరగేసినవాళ్లు దాన్ని 3,509 చేశారు. ఆ లెక్కన బ్రాడ్ మిల్స్ స్ట్రైకౌట్‌తో రయన్ జాన్సన్‌ను దాటలేదు, సమం చేశాడంతే. కాబట్టి ప్రశ్నలో "3,508" అని గానీ "3,509" అని గానీ వేయొద్దు. ఇలా అడగండి: "1983 ఏప్రిల్‌లో నోలన్ రయన్ ఏ పాతతరం పిచర్ కెరీర్ స్ట్రైకౌట్ల రికార్డును దాటినట్టు ప్రకటించారు?" జవాబు వాల్టర్ జాన్సన్. ఎవరూ వాదించలేరు.

మైలురాళ్ల ప్రశ్నలు కావాలంటే తేదీలు ఇవి. 3,000వది 1980 జులై 4, సీజర్ హెరోనిమో. (1974లో బాబ్ గిబ్సన్ 3,000వ స్ట్రైకౌట్ అయిందీ ఇతనే. పాపం, రెండు చరిత్రల్లోనూ అవతలి పక్కే నిలబడ్డాడు.) 4,000వది 1985 జులై 11, డానీ హీప్. 5,000వది 1989 ఆగస్టు 22, ఆర్లింగ్టన్‌లో, రికీ హెండర్సన్. మొట్టమొదటి స్ట్రైకౌట్ 1966 సెప్టెంబర్‌లో పాట్ జార్విస్. అతను బ్యాటరే కాదు, అవతలి జట్టు పిచర్. చిట్టచివరిది 1993 సెప్టెంబర్‌లో గ్రెగ్ మయర్స్.

5,714ను జట్లవారీగా విడగొడితే: మెట్స్ 493, ఏంజెల్స్ 2,416, ఆస్ట్రోస్ 1,866, రేంజర్స్ 939. కూడి చూసుకోండి, సరిగ్గా వస్తుంది. "ఏ జట్టుకు ఎక్కువ" అంటే హ్యూస్టన్‌లో ఉండేవాళ్లంతా ఆస్ట్రోస్ అని కేకేస్తారు. అదే మీ రౌండులో మంచి ఉచ్చు.

రెండో స్థానంలో ఉన్న రాండీ జాన్సన్ 4,875. తేడా 839. ఎంత దూరమో తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. ఈ రోజుల్లో ఒక గట్టి స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) ఏడాదికి 32 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి 6 ఇన్నింగ్స్ (ఒక్కో ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు) చొప్పున 192 ఇన్నింగ్స్ వేశాడనుకోండి. తొమ్మిది ఇన్నింగ్స్‌కి 11 స్ట్రైకౌట్లు తీశాడనుకోండి, అది చాలా గొప్ప రేటు. ఏడాదికి 235 వస్తాయి. ఆ లెక్కన 5,714కి 24 ఏళ్లు దాటాలి, మధ్యలో ఒక్క గాయం కూడా కాకూడదు. 3,000 చేరడమే పెద్ద పండగైపోయింది ఇప్పుడు. క్లేటన్ కెర్షా 2025 జులైలో చేరి, ఆ సీజన్‌తోనే రిటైరయ్యాడు.

---

అంకెలపిచ్చి:

383 సంగతి నేను చెప్తా. "అన్నికాలాల" అనే మాట తీసేయండి, మునిగిపోతారు. 1886లో మ్యాట్ కిల్‌రాయ్ ఒక సీజన్‌లో 513 తీశాడు. అప్పట్లో పిచర్ నిలబడే దూరమే వేరు, నిబంధనలే వేరు. పిచర్ పలక ఇప్పుడున్నట్టు 60 అడుగుల 6 అంగుళాల దూరానికి వచ్చింది 1893లో. అందుకే పుస్తకాల్లో 383ని "1900 తర్వాత" లేదా "ఆధునిక కాలం" రికార్డు అని వేస్తారు. ఆ ముక్క ప్రశ్నలోనే ఉండాలి.

శాండీ కోఫాక్స్ 1965లో 382. రయన్ దాటింది ఒకే ఒక్కటి ఎక్కువతో. అది ఎలా వచ్చిందో చూడండి. 1973 సెప్టెంబర్ 27, అనహైమ్‌లో మిన్నెసోటా ట్విన్స్‌తో మ్యాచ్. సీజన్‌లో రయన్‌కి అదే చివరి స్టార్ట్. రోజు మొదలయ్యేటప్పటికి 367 ఉన్నాయి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 382 చేరి సమం చేశాడు. తర్వాత మ్యాచ్ టై అయి అదనపు ఇన్నింగ్స్‌లోకి పోయింది, మనవాడు ఇంకా వేస్తూనే ఉన్నాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో రిచ్ రీస్ గాల్లోకి బ్యాట్ ఊపాడు, 383. ఆ రోజు మొత్తం 16. తొమ్మిది ఇన్నింగ్స్‌కే మ్యాచ్ తేలిపోయి ఉంటే రికార్డు ఇద్దరి పేరా ఉండేది.

383 పెద్దదా 382 పెద్దదా అని అభిమానులు ఇప్పటికీ తన్నుకుంటారు. రెండు పక్కలా బలమైన మాటే ఉంది. రయన్ 326 ఇన్నింగ్స్‌లో తీశాడు, కోఫాక్స్‌కి 335 పైన రెండు వంతులు పట్టింది. పైగా 1973లో అమెరికన్ లీగ్‌లో పిచర్ బదులు బ్యాటింగ్ చేసే డెసిగ్నేటెడ్ హిట్టర్ వచ్చాడు. అంటే రయన్ ముందు తొమ్మిదిమందీ బ్యాట్ పట్టడం వచ్చినవాళ్లే. కోఫాక్స్‌కి ప్రతి మ్యాచ్‌లో ఎదుటి పిచర్ రూపంలో సులువైన స్ట్రైకౌట్లు దొరికేవి. అటుపక్క కోఫాక్స్ 1965లో ఇచ్చిన వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు, అంటే 'బాల్స్' వేస్తే బ్యాటర్‌కి ఊరికే దొరికే మొదటి బేస్) 71, 1973లో రయన్ 162. నా వరకు నాకు 383 కష్టమైన సంఖ్య, 382 అందమైన సంఖ్య.

"300 దాటిన సీజన్లు ఎన్ని" అని కూడా అడగొచ్చు: ఆరు. 1972, 73, 74, 76, 77, మళ్లీ 1989. ఆ చివరిది 42 ఏళ్ల వయసులో, 301. అయితే రాండీ జాన్సన్‌కి కూడా ఆరే. కాబట్టి "రికార్డు" అనకుండా సంఖ్య మాత్రం అడగండి.

సీజన్ల లెక్క 27. 1966లో రెండు మ్యాచ్‌లు ఆడాడు. 1967లో సైనిక రిజర్వు డ్యూటీ, చేతి గాయం, పెద్ద లీగులో ఒక్క మ్యాచ్ కూడా లేదు. 1968 నుంచి వరసగా. 1966 నుంచి 1993 దాకా ఏళ్లన్నీ లెక్కేసేవాళ్లంతా 28 అంటారు.

---

హైవే288:

స్కోరుబుక్ గారూ, అంకెలపిచ్చి గారూ, దండాలు. రెండు ప్రశ్నలు అప్పుడే తిరగరాశాను. ఒక చిన్న సందేహం. స్ట్రైకౌట్ అంటే ఖచ్చితంగా ఒక అవుట్ పడినట్టేనా? మా జడ్జి ఒకాయన "5,714 వికెట్లు" అని తెలుగులో వేద్దామంటున్నారు.

---

లెగ్‌స్పిన్నర్:

వికెట్లు అని వేయొద్దండీ, తప్పు. మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ పట్టుకోలేక జారవిడిచాడనుకోండి, మొదటి బేస్ ఖాళీగా ఉన్నా, లేదా అప్పటికే ఇద్దరు అవుటై ఉన్నా, బ్యాటర్ పరుగెత్తొచ్చు. బంతి కన్నా ముందు చేరితే అవుట్ కాడు. కానీ పిచర్ ఖాతాలో స్ట్రైకౌట్ పడుతుంది. అలా ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగు స్ట్రైకౌట్లు కూడా వచ్చే వీలుంది. "స్ట్రైకౌట్లు" అనే ఉంచండి.

క్రికెట్ కళ్లతో చదివేవాళ్లు పడే మరో గుంట ఇన్నింగ్స్ అంకె. 1974లో రయన్ 332.2 ఇన్నింగ్స్ అని చూస్తారు. అది దశాంశం కాదు. మన 4.3 ఓవర్లలో .3 అంటే మూడు బంతులైనట్టు, ఇక్కడ .2 అంటే ఇన్నింగ్స్‌లో మూడింట రెండు వంతులు, అంటే రెండు అవుట్లు. .1, .2 తప్ప .3 ఎప్పుడూ రాదు, అది నిండు ఇన్నింగ్స్ అయిపోతుంది. ఎక్సెల్‌లో 332.2 అని కొట్టి సగటు తీస్తే జవాబు తప్పొస్తుంది, 332.667 అని కొట్టాలి.

సగటు, అంటే ఈఆర్ఏ తీసే పద్ధతి: పిచర్ తప్పున వచ్చిన పరుగులు ఇంటూ 9, భాగారం ఇన్నింగ్స్. రయన్‌వి 1,911 పరుగులు, 5,386 ఇన్నింగ్స్. 3.19 వస్తుంది. ఒక రౌండులో ఈ లెక్కే పెట్టేయండి, ఇంజనీర్లు ఎగబడతారు.

---

స్కోరుబుక్:

నో-హిట్టర్లకి వద్దాం. ఎదుటి జట్టుకు ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకపోతే నో-హిట్టర్. వాక్ ఇచ్చినా, ఫీల్డర్ పొరపాటు చేసినా, బంతి తగిలి బ్యాటర్ బేస్ ఎక్కినా నో-హిట్టర్ చెడదు. పర్ఫెక్ట్ గేమ్‌లో 27 మంది వస్తారు, 27 మందీ వెనక్కి పోతారు, ఎవరూ ఏ రకంగానూ బేస్ తొక్కకూడదు. రయన్‌కి పర్ఫెక్ట్ గేమ్ ఒక్కటీ లేదు. ఏడింట్లోనూ వాక్ ఇచ్చాడు. ఆయన ముందు రికార్డు కోఫాక్స్‌ది, నాలుగు. వాటిలో ఒకటి పర్ఫెక్ట్.

ఏడూ ఇవి, స్ట్రైకౌట్లు, వాక్‌లతో:

1973 మే 15, కాన్సస్ సిటీ రాయల్స్ మీద: 12, 3
1973 జులై 15, డెట్రాయిట్ టైగర్స్ మీద: 17, 4
1974 సెప్టెంబర్ 28, మిన్నెసోటా ట్విన్స్ మీద: 15, 8
1975 జూన్ 1, బాల్టిమోర్ ఓరియోల్స్ మీద: 9, 4
1981 సెప్టెంబర్ 26, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద: 11, 3
1990 జూన్ 11, ఓక్లండ్ అథ్లెటిక్స్ మీద: 14, 2
1991 మే 1, టొరాంటో బ్లూ జేస్ మీద: 16, 2

మొదటి నాలుగూ ఏంజెల్స్‌కి, అయిదోది ఆస్ట్రోస్‌కి, చివరి రెండూ రేంజర్స్‌కి. మెట్స్‌కి ఒక్కటీ లేదు. ఇదీ మంచి ప్రశ్నే.

కుడివైపు వాక్‌ల వరస ఒకసారి చూడండి. 1974లో ఒక్క హిట్ ఇవ్వకుండా ఎనిమిదిమందిని ఊరికే బేస్ ఎక్కించిన మనిషి, 43, 44 ఏళ్లకు రెండేసి వాక్‌లతో సరిపెట్టాడు. వేగం తగ్గితే అదుపు వస్తుందంటారు గానీ, 14, 16 స్ట్రైకౌట్లు చూస్తే వేగం పెద్దగా తగ్గినట్టు లేదు. పెరిగింది అదుపే. పైగా కర్వ్ బంతికి తోడు ఛేంజప్ (వేగంగా వేసినట్టు కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) కూడా కుదిరాక బ్యాటర్లు ముందే ఊపేయడం మొదలైంది.

రెండో నో-హిట్టర్‌లో ఒక ముచ్చట క్విజ్‌కి పనికొస్తుంది. తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు అవుట్లు. టైగర్స్ బ్యాటర్ నార్మ్ క్యాష్ బ్యాట్‌కి బదులు టేబుల్ కాలు పట్టుకుని వచ్చాడు. అంపైర్ రాన్ లూసియానో వెనక్కి పంపాడు. అసలు బ్యాట్ తెచ్చుకుని గాల్లోకి లేపి అవుటయ్యాడు.

ఏడో దానిలో చివరి స్ట్రైకౌట్ రాబర్టో అలొమార్. 1973లో ఏంజెల్స్ తరఫున రెండో బేస్ దగ్గర కాపలా కాసింది ఇతని తండ్రి శాండీ అలొమార్. తండ్రి వెనకాల నిలబడి ఆడాడు, కొడుకు ఎదురుగా నిలబడి అవుటయ్యాడు.

క్యాచర్ల ప్రశ్న కూడా వేయొచ్చు. ఏడు నో-హిట్టర్లకి ఏడుగురు వేర్వేరు క్యాచర్లు. మొదటిదానికి క్యాచర్ జెఫ్ టోర్బర్గ్. కోఫాక్స్ పర్ఫెక్ట్ గేమ్ పట్టిందీ ఇతనే.

ఒక హెచ్చరిక. "ఒకే మ్యాచ్‌లో 20 స్ట్రైకౌట్లు" రయన్‌కి అంటగట్టే ప్రశ్నలు చాలాచోట్ల తిరుగుతుంటాయి. రయన్ అత్యధికం 19, అది నాలుగుసార్లు. 1974లో మూడు, 1977లో ఒకటి. వాటిలో తొమ్మిది ఇన్నింగ్స్‌లోపు వచ్చింది 1974 ఆగస్టు 12న రెడ్ సాక్స్ మీద తీసినదొక్కటే, మిగతా మూడూ అదనపు ఇన్నింగ్స్ మ్యాచ్‌లు. తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్‌లో 20 మొదటిసారి తీసింది రోజర్ క్లెమెన్స్, 1986లో.

---

కర్వ్‌బాల్:

అందరూ హారతి పడుతున్నారు గనక ఒక నిమ్మకాయ కూడా కోస్తాను. "గొప్ప పిచర్" అని రౌండు పేరు పెడితే పెట్టండి గానీ "అందరికన్నా గొప్ప పిచర్" అని పెట్టొద్దు. కారణాలు అంకెల్లోనే ఉన్నాయి.

వాక్‌లు 2,795. ఇదీ అన్నికాలాల రికార్డే, ఇక్కడ ఆ మాట ధైర్యంగా వాడొచ్చు. రెండో స్థానంలో ఉన్నది కార్ల్‌టనే, 1,833. మధ్యలో 962 తేడా, అంటే స్ట్రైకౌట్ల రికార్డులో ఉన్న తేడా కంటే ఎక్కువ! తొమ్మిది ఇన్నింగ్స్‌కి 9.5 స్ట్రైకౌట్లు, 4.7 వాక్‌లు, 6.6 హిట్లు. ఆ 6.6 హిట్లు కూడా 1,000 ఇన్నింగ్స్ దాటినవాళ్లలో అతి తక్కువ. అంటే ఈయన బంతిని కొట్టడం అందరికన్నా కష్టం, వదిలేసి నిలబడటం అందరికన్నా లాభం. ఎదుటి జట్లకి ఆ సంగతి బాగా తెలుసు. వాక్‌తో బేస్ ఎక్కినవాడు తర్వాత బేస్ దొంగతనం చేసేవాడు, అంటే పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరుగెత్తేవాడు. పెద్ద కాలు ఎత్తి వేసే పిచర్ కాబట్టి పరుగెత్తడానికి టైము దొరికేది.

గెలుపులు 324, ఓటములు 292. ఓటముల్లో ఆయన పైన ఉన్నవాళ్లు ఇద్దరే. అందులో ఒకడు సై యంగ్, మరొకడు పడ్ గాల్విన్. బలహీనమైన జట్లలో ఎక్కువ ఏళ్లు ఆడాడు కాబట్టి ఓటములన్నీ ఆయన మీద వేయడం అన్యాయమే. 1987 చూడండి: లీగ్‌లో అందరికన్నా తక్కువ ఈఆర్ఏ, 2.76. అందరికన్నా ఎక్కువ స్ట్రైకౌట్లు, 270. రికార్డు మాత్రం 8 గెలుపులు, 16 ఓటములు. ఆస్ట్రోస్ బ్యాటర్లు పరుగులు చేయకపోతే పిచర్ ఏం చేస్తాడు?

సై యంగ్ అవార్డు సున్నా. దగ్గరగా వచ్చింది 1973లో, రెండో స్థానం. 383 తీసిన ఏడాది, రెండు నో-హిట్టర్లు వేసిన ఏడాది, 21 గెలిచిన ఏడాది. అవార్డు జిమ్ పామర్‌కి పోయింది: 22-9, ఈఆర్ఏ 2.40. రయన్ 21-16, 2.87. ఓటేసినవాళ్లని తిట్టబుద్ధేస్తుంది గానీ, కాగితం మీద తప్పేం లేదు.

కాలాన్నీ మైదానాన్నీ సవరించి చెప్పే ఈఆర్ఏ ప్లస్ అనే కొలత ఉంది. 100 అంటే సగటు. రయన్ 112. టామ్ సీవర్ 127, రాండీ జాన్సన్ 135, పెడ్రో మార్టినెజ్ 154. రయన్ గొప్పతనం ఏ ఒక్క ఏడాదిలోనూ లేదు. 46 ఏళ్ల వరకు అదే చేతితో, అదే వేగంతో, 773 మ్యాచ్‌లు మొదలుపెట్టడంలో ఉంది. ప్రశ్నలు ఆ వైపు నుంచి వేస్తే రౌండుకి అర్థం ఉంటుంది.

---

అంకెలపిచ్చి:

కర్వ్‌బాల్ అన్నా, నిమ్మకాయ బాగానే కోశావు, కానీ ఒకటి కలుపు. ఆయన మొదలుపెట్టిన 773లో 222 తానే ముగించాడు. 61 షటౌట్లు (ఎదుటి జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వని మ్యాచ్‌లు). రిలీవర్ (మధ్యలో వచ్చే పిచర్) వచ్చి చెడగొట్టాడనో ఆదుకున్నాడనో చెప్పుకునే వీలు ఆ 222లో లేదు.

ఓపిక గురించి ప్రశ్న కావాలంటే 1974 జూన్ 14 వేయండి. రెడ్ సాక్స్‌తో మ్యాచ్, రయన్ 13 ఇన్నింగ్స్ వేశాడు. 19 స్ట్రైకౌట్లు, 10 వాక్‌లు, 235 పిచ్‌లు (వేసిన బంతులు). అవతల లూయీ టియాంట్ ఇంకా మొండివాడు, పదిహేనో ఇన్నింగ్స్‌లో ఓడిపోయేదాకా దిగలేదు. ఆ మ్యాచ్‌లో సెసిల్ కూపర్ ఆరుసార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. అయితే 235ని జవాబుగా పెట్టొద్దు, ప్రశ్నలో సమాచారంగా మాత్రం వాడండి. పిచ్‌ల లెక్కలు లీగ్ పద్ధతిగా ఉంచడం 1988లో మొదలైంది. అంతకుముందువి జట్ల డగౌట్‌లో చేతితో గీసుకున్నవి.

---

లెగ్‌స్పిన్నర్:

వేగం ప్రశ్న మిగిలింది. 100.9 నిజమే: 1974 ఆగస్టు 20, అనహైమ్, టైగర్స్‌తో మ్యాచ్. గిన్నిస్ పుస్తకంలో చాలా ఏళ్లు ఉంది. ఇప్పుడు రికార్డు అరోల్డిస్ చాప్‌మన్‌ది, 2010 సెప్టెంబర్‌లో 105 దాటింది.

కానీ ఈ రెండూ ఒకే తాసులో తూగేవి కావు. బంతి చేతిలోంచి బయటపడినప్పుడు ఉన్న వేగం ప్లేటు (బ్యాటర్ నిలబడే చోటు) చేరేసరికి గాలికి ఎనిమిది, తొమ్మిది మైళ్ల దాకా తగ్గుతుంది. ఇప్పటి పరికరాలు చేతిలోంచి వదిలిన చోటే పట్టుకుంటాయి. 1974లో వాడిన యంత్రం బంతి ప్లేటుకు దగ్గరపడ్డాక కొలిచింది. అంటే ఇప్పటి పద్ధతిలో ఆ బంతికి ఇంకా చాలా మైళ్లు కలపాలి. ఎన్ని కలపాలన్నది ఎక్కడ కొలిచారన్న దాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఖచ్చితమైన సంఖ్య క్విజ్‌లో పెట్టకండి. "1974లో నోలన్ రయన్ బంతికి నమోదైన వేగం ఎంత?" అంటే చాలు. "వేగవంతమైన" అనే మాట వచ్చిందా, చాప్‌మన్ అభిమాని లేచి నిలబడతాడు.

మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, క్రికెట్ పిచ్ 66 అడుగులు. ఇక్కడ పిచర్ పలక నుంచి ప్లేటుకి 60 అడుగుల 6 అంగుళాలు. పిచర్ ముందుకు అడుగేసి వదులుతాడు కాబట్టి బంతి నిజంగా ప్రయాణించేది 55 అడుగుల లోపే, మధ్యలో నేలకు తగలకుండా. 100 మైళ్ల బంతి 0.4 సెకన్లలో వచ్చేస్తుంది.

---

హైవే288:

అద్భుతం. ఇంకో రెండు అడిగి ఆపేస్తాను. "హాల్ ఆఫ్ ఫేమ్‌లో అత్యధిక ఓట్ల శాతం రయన్‌ది" అని ఒకరు పంపారు. "మూడు జట్లు జెర్సీ నంబర్ 34 రిటైర్ చేశాయి" అని మరొకరు. వాడొచ్చా?

---

స్కోరుబుక్:

రెండూ వాడొద్దు.

1999లో ఆయనకు 497లో 491 ఓట్లు వచ్చాయి, 98.79 శాతం. అప్పటికే 1992లో టామ్ సీవర్‌కి 430లో 425, అంటే 98.84. పిసరంత తేడాతో రయన్ ఆ రోజునే రెండో స్థానం. తర్వాత గ్రిఫీ జూనియర్, జీటర్, ఇచిరో దాటారు. 2019లో మరియానో రివేరాకి నూటికి నూరు పడ్డాయి.

మూడు జట్లు రిటైర్ చేసింది నిజం. నంబర్లు మాత్రం ఏంజెల్స్ 30, ఆస్ట్రోస్ 34, రేంజర్స్ 34. హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం మీద టోపీ రేంజర్స్‌ది. ఈ టోపీ ప్రశ్న హ్యూస్టన్‌లో వేస్తే కాస్త జాగ్రత్త.

ఇంకొక ఉచ్చు: "ప్రపంచ సిరీస్ ఎన్నిసార్లు గెలిచాడు?" ఒకే ఒక్కసారి, 1969లో మెట్స్‌తో, 22 ఏళ్లకి. మూడో మ్యాచ్ ఆఖర్లో వచ్చి సేవ్ (ఆధిక్యాన్ని కాపాడి మ్యాచ్ ముగించిన పిచర్‌కి పడే లెక్క) తీసుకున్నాడు. ఆ తర్వాత 24 ఏళ్లు ఆడినా మళ్లీ ప్రపంచ సిరీస్‌లో బంతి వేయలేదు. ఆ మెట్సే 1971 డిసెంబర్‌లో ఈయనతో పాటు మరో ముగ్గురిని కలిపి ఏంజెల్స్‌కి ఇచ్చి జిమ్ ఫ్రెగోసీని తెచ్చుకుంది. బేస్‌బాల్‌లో నష్టపు బేరం అంటే ముందు గుర్తొచ్చేది ఇదే.

---

కర్వ్‌బాల్:

టైబ్రేకర్‌కి ఒకటి నా వంతు. 1993 సెప్టెంబర్ 22, సియాటిల్ కింగ్‌డోమ్, మొదటి ఇన్నింగ్స్. ఒక సింగిల్ (మొదటి బేస్ దాకా తెచ్చే హిట్), వరసగా మూడు వాక్‌లు, డాన్ హావిట్ గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌లూ నిండి ఉండగా హోమ్ రన్). తర్వాత డేవ్ మగడాన్‌కి వేస్తుండగా మోచేతి లిగమెంట్ తెగింది. తెగాక కూడా ఇంకో బంతి వేసి చూశాడు, స్పీడ్ గన్ మీద 98 మైళ్లు. అక్కడితో చెయ్యెత్తేసి దిగిపోయాడు. ఒక్క అవుట్ కూడా తీయలేదు.

అప్పటికి లెక్క మూడు బాల్స్, ఒక స్ట్రైక్. మిగతా పని చేయడానికి స్టీవ్ డ్రయర్ వచ్చాడు, నాలుగో బాల్ వేశాడు, మగడాన్ నడిచిపోయాడు. బ్యాటర్‌కి లెక్క అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే 2-0, 2-1, 3-0, 3-1, 3-2 దగ్గర పిచర్ మారితే, వాక్ దిగిపోయినవాడి ఖాతాలోకే పోతుంది.

ప్రశ్న ఇలా వేయండి: "నోలన్ రయన్ 2,795వ వాక్‌లో నాలుగో బాల్ వేసిందెవరు?"